ఊమైదురై చేతిభాష, మన పిల్లలు చేసే ఆట



పోయిన నెల విరుదునగర్ సమావేశంలో మన పిల్లలు నలుగురు లేచి ఒక మాట చెప్పినారు. పాంచాలంకురిచ్చి కోట కథను సెల్‌ఫోన్‌లో ఆడుకునే వీడియో గేమ్‌గా తయారు చేస్తామని, వార్షికోత్సవం నాటికి చూపిస్తామని. అందరం సంతోషంగా చప్పట్లు కొట్టినాము. భోజనాల వేళ వాళ్ళు రాసుకొచ్చిన కథ కాగితం మా చేతికిచ్చి చదవమన్నారు. అందులో ఆడేవాళ్ళు కట్టబొమ్ముగా ఆడాలి. తమ్ముడు ఊమైదురై పక్కన నిలబడే మనిషి. అన్న పోయినాక జక్కమ్మ తల్లి ప్రత్యక్షమై తమ్మునికి మాట ప్రసాదిస్తుంది, అప్పుడు అతను కత్తి పట్టుకుని బయలుదేరుతాడు.

"మాట ఎందుకు తెప్పించినారు నాయనా?" అని అడిగినాము. "మాట లేకుంటే సేనను ఎట్లా నడిపిస్తాడు తాతా?" అన్నాడు ఒక పిల్లవాడు. ఎగతాళిగా అన్నది కాదు, నిజంగానే అడిగినాడు. ఆ రోజు సరైన జవాబు మా నోటికి రాలేదు. ఇంటికి వచ్చినాక పుస్తకాలు తీసి కూర్చున్నాము. ఈ రాత ఆ పిల్లవానికి జవాబు. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి. మేము తమిళంలో చదువుకున్నవాళ్ళం, తెలుగు అక్షరాలు రైల్వే ఉద్యోగంలో చేరినాక కూడబలుక్కుని నేర్చుకున్నాము. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

ముందు చరిత్ర చెప్తాము. పెద్దవాళ్ళకు తెలిసిందే, పిల్లల కోసం తేదీలతో.

1799 సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ సేన పాంచాలంకురిచ్చి మీద పడింది. కట్టబొమ్ము కోట విడిచి పోయి పుదుక్కోట సీమలో దొరికిపోయినాడు. అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీసినారు. కోవిల్‌పట్టి నుంచి తిరునల్వేలి పోయే దారిలో ఆ ఊరు దాటని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. కోటను నేలమట్టం చేసినారు. తమ్ముళ్ళను, దగ్గరి బంధువులను పాళయంకోటలో ఖైదు పెట్టినారు.

1801 ఫిబ్రవరి 2 సాయంత్రం. పాళయంకోటలో మేజర్ మెకాలే ఇంట దొరలు విందుకు కూర్చున్న వేళ, వేషాలు మార్చుకుని వచ్చిన మనుషులు కాపలావాళ్ళను పడగొట్టి ఖైదీలను విడిపించుకుని పోయినారు. వారం తిరక్కుండానే మెకాలే సేనతో పాంచాలంకురిచ్చికి పోయి చూస్తే, తాము పడగొట్టించిన గోడలు మళ్ళీ లేచి ఉన్నాయి. గోడల మీద సుమారు 1500 మంది ఉన్నారు. మార్చి 31న కుంఫిణీ సేన దాడి చేసి, చాలామందిని పోగొట్టుకుని వెనక్కి తగ్గింది. ఆ తర్వాత కర్నల్ ఆగ్న్యూ ఎక్కువ బలగంతో వచ్చినాడు. మే 24న కోట పడింది. ఊమైదురై తప్పించుకుని శివగంగ సీమలో మరుదు సోదరులను చేరినాడు. అక్టోబరు 24న మరుదు సోదరులను తిరుప్పత్తూరులో ఉరి తీసినారు. నవంబరులో ఊమైదురైని పాంచాలంకురిచ్చికే తెచ్చి ఉరి తీసినారు.

ఇందులో పిల్లలు గమనించవలసింది ఒకటుంది. అన్న పోయినాక నడిచిన ఈ రెండో యుద్ధం మొదటిదానికంటే పెద్దది. అందులో కుంఫిణీని ఒకసారి ఓడించినారు కూడా. దాన్ని నడిపించినవాళ్ళలో ముందున్నది, పుట్టినప్పటి పేరుతో కూడా ఎవరూ పిలవని మనిషి. ఆయన అసలు పేరు కుమారస్వామి అని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఊమై అంటే తమిళంలో మూగ. దురై అంటే దొర. మూగదొర. తెలుగు ఇంట పుట్టిన మనిషికి తమిళ ఎగతాళి పేరు నిలిచిపోయింది. తెల్లవాళ్ళు తమ భాషలో మూగ తమ్ముడు అన్నారు, ముసల్మానులు తమ మాటలో అదే అన్నారు. ఇన్ని భాషల్లోనూ ఆయన దగ్గర లేనిదే ఆయనకు పేరైంది.

ఈ పేర్ల సంగతి రాసిపెట్టినవాడు శత్రువే. జేమ్స్ వెల్ష్ అనే సైనికాధికారి. ఆ ముట్టడిలో ఉన్నాడు. 1830లో తన యుద్ధ జ్ఞాపకాల పుస్తకం అచ్చు వేయించినాడు. 1881లో బిషప్ కాల్డ్‌వెల్ రాసిన తిరునల్వేలి చరిత్రలోనూ ఆ మాటలు ఉన్నాయి. వెల్ష్ లెక్క ప్రకారం ఊమైదురైకి మాటా లేదు, వినికిడీ లేదు. పొడుగ్గా, సన్నగా, జబ్బు మనిషిలా కనిపించే కుర్రవాడు. కానీ ఆయన లేకుండా ఏ ఆలోచన సభా జరగదు, ఆయన ముందు నడవని సాహసం లేదు. చిన్న సైగ చేస్తే చాలు, మనుషులు పరుగెత్తుతారు.

సేనకు పథకం ఎట్లా చెప్పేవాడో కూడా వెల్ష్ రాసినాడు. ఎడమ అరచేతిలో కొన్ని గడ్డిపోచలు పెట్టుకునేవాడు. అవి ఇంగ్లీషు సేన. ఎప్పుడు, ఏమిటి అన్నది వేరే సైగలతో చెప్పేవాడు. ఆ తర్వాత నోటితో ఒక ఊదుడు శబ్దం చేస్తూ కుడిచేత్తో ఆ పోచలను ఒక్క తుడుపు తుడిచేవాడు. అదే దాడికి ఆజ్ఞ. ఆ దాడిలో ముందు నిలబడేదీ ఆయనే.

ఇదీ నాయనా నీ ప్రశ్నకు మొదటి జవాబు. మాట లేకుండా సేనను ఎట్లా నడిపించినాడంటే, ఇట్లా.

అయితే వెల్ష్ దీనికి చెప్పిన కారణాన్ని మేము ఒప్పుకోము. అజ్ఞానులైన జనం ఆయన లోపాన్నే మహిమ అనుకుని కొలిచినారని అతను అంటాడు. కొలిచినారు, నిజమే. సామి అనే పిలిచినారు. కానీ కొలిచినంత మాత్రాన పథకం అర్థమవుతుందా? గుడిలో విగ్రహాన్ని ఎంత కొలిచినా, రేపు ఏ మూల నుంచి ఎంతమంది పోవాలో అది చెప్పదు. పోచలు అంటే సేన, ఈ సైగ అంటే చీకటి వేళ, ఈ శబ్దం అంటే ఇప్పుడే అని ఆ కోటలో మనుషులు నేర్చుకున్నారు. ఒక మనిషి భాషను ఒక కోట నేర్చుకున్నది. వెల్ష్ చూసినాడు కానీ దాన్ని భాష అనుకోలేదు.

ఇప్పుడు ఆటల సంగతికి వస్తాము. మాకు వీడియో గేములు తెలియవు. మా అన్నగారి మనవడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు రోజులు అడిగి, చూసి, నేర్చుకున్నాము.

హెల్‌బ్లేడ్ అని 2017లో ఇంగ్లండులో తయారైన ఆట ఉంది. అందులో సెనువా అనే యోధురాలికి ఎప్పుడూ ఏవో గొంతులు వినిపిస్తుంటాయి. మా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించినాడు. ఒక గొంతు వెనక నుంచి, ఒకటి ఎడమ చెవి పక్కన, తిడుతూ, భయపెడుతూ, ఒక్కోసారి దారి చెబుతూ. పది నిమిషాలకే తీసేసినాము. తయారు చేసినవాళ్ళు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం మానసిక వైద్య నిపుణుణ్ణి, నిజంగా అట్లాంటి గొంతులు వినేవాళ్ళను దగ్గర పెట్టుకుని చేసినారట. 2021లో వచ్చిన ది వేల్ అనే ఆటలో తెర మీద బొమ్మలు దాదాపు ఉండవు. కథానాయికకు చూపు లేదు. ఎటు నుంచి అడుగుల చప్పుడు వస్తుందో విని కత్తి తిప్పాలి. చూపు లేనివాళ్ళూ ఉన్నవాళ్ళూ ఒకే తీరున ఆడొచ్చు. మాస్ అనే 2018 ఆటలో ఒక చిన్న ఎలుక వీరురాలు. అది ఆడేవాళ్ళతో అమెరికా సైగల భాషలో మాట్లాడుతుంది. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో చూపు, వినికిడి, చేతి కదలిక ఇబ్బందులున్నవాళ్ళ కోసం 60కి పైగా సదుపాయాలు పెట్టినారు. చూపు లేనివాళ్ళు కూడా దాన్ని చివరిదాకా ఆడి ముగించినారు.

ఇవి చూసినాక మాకు ఒకటి తోచింది. మన కథలు ఇంతకాలం వైకల్యాన్ని మూడు రకాలుగా చూపించినాయి. ఒకటి జాలి. రెండు నవ్వు. మూడు మహిమ, అంటే చివర్లో దేవుడు చూపు ఇస్తాడు, కాలు ఇస్తాడు, మాట ఇస్తాడు. మూడింటిలోనూ మనం బయట కూర్చుని చూస్తాము. ఆటలో అట్లా కాదు. అందులో మనం ఏదైనా చేయాలి. చేసింది తప్పయితే ఓడిపోతాము. అందుకని ఒక మనిషి ప్రపంచం ఎట్లా నడుస్తుందో చేతులతో తెలుసుకునే దారి ఆటకు ఉంది.

1959లో వచ్చిన వీరపాండియ కట్టబొమ్మన్ సినిమా మనలో చాలామందికి కంఠస్థం. శివాజీ గణేశన్ గారి సంభాషణలు పెళ్ళి పందిళ్ళలో, బడి వేదికల మీద మేము కూడా చెప్పినవాళ్ళమే. ఆ సినిమాతో కట్టబొమ్ము అంటే కంఠం అయిపోయినాడు. అన్న నోటితో గుర్తుండిపోయినాడు. మరి నోరు లేని తమ్ముణ్ణి ఏ పిల్లవాడు వేదికెక్కి అభినయిస్తాడు? చెప్పడానికి సంభాషణ లేదు కదా. మీ ఆట ఆ లోటు తీర్చగలదు. కానీ మాట తెప్పిస్తే తీరదు.

ఇంకొక తప్పుదారి కూడా ఉంది. శబ్దం మొత్తం ఆపేసి, ఇదే ఊమైదురై అనుభవం అంటే అదీ నిజం కాదు. కళ్ళకు గుడ్డ కట్టుకుని గంటసేపు తిరిగితే మొదటి రోజు భయమే తెలుస్తుంది, ఇరవై ఏళ్ళ అలవాటు తెలియదు. వినికిడి లేని మనిషికి రోజంతా నిశ్శబ్దమే బాధ అని వినేవాళ్ళం అనుకుంటాము. అసలు బాధ ఎదుటివాళ్ళు అర్థం చేసుకోకపోవడం.

అందుకని మేము చెప్పేది ఇది. ఆటలో మొదటి చోటు పాళయంకోట ఖైదు పెట్టండి. ఆడేవాళ్ళే ఊమైదురై. చేయి కదిలిస్తారు, కాపలావాడు చూడడు. మళ్ళీ కదిలిస్తారు, నవ్వుతాడు. ఎన్నిసార్లు చేసినా ఏమీ జరగదు. రెండో చోటు పాంచాలంకురిచ్చి. అదే చేయి, అదే సైగ. ఈసారి 1500 మంది కదులుతారు, గోడ లేస్తుంది. మనిషి మారలేదు, మాట రాలేదు, చుట్టూ ఉన్నవాళ్ళు మారినారు. ఇది అర్థమైతే పిల్లలకు పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

మూడో చోట ఆడేవాళ్ళు ఒక సిపాయి కావాలి. ఎదురుగా ఊమైదురై అరచేతిలో గడ్డిపోచలు. సైగలు చూసి నేర్చుకుంటేనే దాడి వేళ తెలుస్తుంది. పక్కకు చూస్తే ఓటమి. నేర్చుకునే బరువు ఆయన మీద కాదు, మన మీద పడాలి.

నాలుగో చోటు కూడా వెల్ష్ పుస్తకంలోనే ఉంది. కోట పడిన రోజు ఊమైదురై గాయాలతో శవాల మధ్య పడి ఉన్నాడు. ఒక తల్లి తన కొడుకును వెతుక్కుంటూ వచ్చింది. కొడుకు కొన ఊపిరితో ఉన్నాడు. నన్ను వదిలెయ్యమ్మా, పక్కన సామి పడి ఉన్నాడు, ఆయన్ను కాపాడు అన్నాడట. ఆమె అట్లాగే ఆయన్ను ఇంటికి చేర్చింది. ఎట్టయాపురం మనుషులు వెతుక్కుంటూ వస్తే, ఆడవాళ్ళు ఆయన మీద గుడ్డ కప్పి, అమ్మవారు పోసి కుర్రవాడు చచ్చిపోయినాడని గోడుగోడున ఏడ్చినారు. వచ్చినవాళ్ళు భయపడి పోయినారు. ఈ చోట ఆడేవాళ్ళకు ఏ పనీ ఉండకూడదు. కదలకుండా పడుకోవాలి. ఒకరి మీద ఆధారపడడం వీరునికి చిన్నతనం కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఒక మాట దాచకుండా చెప్పాలి. వెతికిన ఎట్టయాపురంవాళ్ళదీ తెలుగు వంశమే. మన చరిత్రలో రెండు వైపులా మనమే ఉన్నాము.

ఇంత పట్టుగా ఎందుకు రాస్తున్నామో ఇప్పుడు చెప్తాము.

మాకు ఒక చెల్లెలు ఉండేది. రెండేళ్ళ వయసులో జ్వరం వచ్చి వినికిడి పోయింది, మాట రాలేదు. మా ఊళ్ళో అందరిళ్ళలాగే మా ఇంట్లోనూ అగ్గిపెట్టెల అట్టలు అతికే పని. ఆమె చేయి మా అందరికంటే వేగం. అన్నదమ్ములం ముగ్గురం, అమ్మా నాన్న, అందరం కలిసి ఆమెతో మాట్లాడడానికి నేర్చుకున్నవి పదో పన్నెండో సైగలు. అన్నం, నీళ్ళు, రా, పో, పడుకో. అన్నీ మేము ఆమెకు చెప్పడానికే. ఆమె మాకు చెప్పే సైగలు ఎన్నో ఉండేవి, అవి నేర్చుకోలేదు.

పాళయంకోటలో చెవిటి పిల్లల బడి ఉంది. ఫ్లోరెన్స్ స్వెయిన్సన్ అనే మిషనరీ 19వ శతాబ్దం చివర్లో పెట్టింది. ఊమైదురైని ఖైదు పెట్టిన ఊళ్ళోనే, నూరేళ్ళు తిరగక ముందే అట్లాంటి బడి వచ్చింది. కోవిల్‌పట్టిలో రైలెక్కితే కడంబూరు, మణియాచ్చి దాటి తిరునల్వేలి, ఆ పక్కనే పాళయంకోట. ఆడపిల్లను అంత దూరం ఎట్లా పంపేది అన్నారు నాన్న. మేమూ తలూపినాము. తర్వాత ముప్పై ఏళ్ళు టికెట్టు కౌంటర్లో కూర్చుని, మాటా వినికిడీ రెండూ లేనివాళ్ళకు సగం చార్జీ రాయితీ, తోడు వచ్చేవాళ్ళకు కూడా సగం అని సర్టిఫికెట్లు చూసి టికెట్లు కొట్టిచ్చినాము. మా చెల్లెలికి ఒక్క టికెట్టు కొట్టలేదు.

ఒక రోజు మేము సెలవులో ఇంట్లో ఉన్నాము. అట్టలు తీసుకుపోయే మనిషి వచ్చి ఐదు గ్రోసులు అన్నాడు. చెల్లెలు పరుగున వచ్చి అరచేతిలో ఏడు అగ్గిపుల్లలు పేర్చి మా ముందు పెట్టింది. పుల్లకు ఒక గ్రోసు. ఇప్పుడు రాస్తుంటే ఎంత సులువైన లెక్క అనిపిస్తుంది. ఆ రోజు మేము, ఏదో ఆడుకుంటున్నది అనుకుని, ఐదుకు సంతకం పెట్టినాము. ఆమె మమ్మల్ని ఒకసారి చూసి, ఇంకొక చేత్తో ఆ పుల్లలను నేల మీదికి తుడిచేసి లోపలికి పోయింది. ఆమె పోయి పదేళ్ళు దాటింది. వెల్ష్ పుస్తకంలో గడ్డిపోచల సంగతి చదివిన రోజు మేము పుస్తకం మూసి చాలాసేపు వసారాలో కూర్చున్నాము.

పాంచాలంకురిచ్చిలో చదువురాని మనుషులు నేర్చుకున్నది, గుమాస్తా ఉద్యోగం చేసిన మేము నేర్చుకోలేదు.

ఇక పనికి వచ్చే మాటలు. పిల్లలకు మూడు విన్నపాలు. ఒకటి, జక్కమ్మ తల్లిని కథలో ఉంచండి, కానీ మాట ఇప్పించవద్దు. ఆ మనుషులు నమ్మిన తల్లి ఆమె. బలం ఇచ్చింది అనండి, చాలు. రెండు, ఊమైదురై సైగల్లో మనకు రాతలో మిగిలింది కొంచెమే. మిగతావాటికి చేతులు ఊరికే ఊపించవద్దు. మన దేశపు సైగల భాషకు ఢిల్లీలో 2015లో పెట్టిన పరిశోధన శిక్షణ కేంద్రం ఉంది. వాళ్ళు 10,000 మాటల నిఘంటువు తెచ్చినారు. ఊమైదురై వాడింది ఆ భాష కాదు, అయినా ఇప్పటి పిల్లలు ఆట ఆడుతూ నాలుగు నిజమైన మాటలు నేర్చుకుంటారు. మూడు, ఆట పూర్తికాక ముందే వినికిడి లేని యువకులను పిలిచి చూపించండి. శాలువా కప్పి పంపడానికి కాదు, తప్పులు చెప్పించుకోవడానికి. వాళ్ళ శ్రమకు డబ్బు ఇవ్వాలి. ఆ ఖర్చు మా పింఛనులోంచి ఇస్తాము.

పెద్దవాళ్ళకు ఒక విన్నపం. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. మన సంఘం కుటుంబాల పట్టికలో ఒక్కటి కూడా కనిపించదు. పెళ్ళి సంబంధాలకు అడ్డమని మనం రాయించము. వార్షికోత్సవానికి వాళ్ళను ఇంట్లో వదిలి తాళం వేసి వస్తాము. పేర్లు పట్టికలో రాయించమని మేము బలవంతం చేయము. ఈసారి వాళ్ళను వెంట తీసుకురండి. ముందు వరుసలో కూర్చోబెడదాము.

రెండో ఆదివారం విరుదునగర్‌లో మళ్ళీ కలుస్తాము. ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడు తప్పక రావాలి. మేము ఒక కట్ట గడ్డిపోచలు తెస్తాము. మాటాడకుండా ఒక పథకం చెప్తాము. ఎంతమందికి అర్థమవుతుందో చూద్దాము.